మావారు చేసిన ఒకే ఒక్క ఇంటిపని

శనివారం మధ్యాహ్నం చేపలు కోయడం అయ్యాక, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని పత్రికలు కోయడానికి కూర్చునేదాన్ని. రెండుసార్లు ఎందుకంటే, ఓసారి అమెరికా పత్రికకి నెత్తళ్ళ వాసన వస్తోందని మావారికి ఆఫీసులో మాట పడింది. ఆ మాట ఆయన ఇంటికి తెచ్చి నాకు వడ్డించారు. వడ్డనలో ఆయన నాకు చేసిన సాయం అదొక్కటే.

మావారు బాబూరావు గారు రంగూన్‌లో చౌక్తడా పేటలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. విదేశాల నుంచి వచ్చే ఇంగ్లీషు పత్రికల్లో రంగూన్ జనం చదవకూడనివి వెతికి, ఆ పేజీలు కోసేసి, మిగిలినదాన్ని పుస్తకాల షాపులకీ లైబ్రరీలకీ వదలడం ఆ ఆఫీసు పని. ఒక్కో సంచిక పన్నెండు కాపీలు వచ్చేవి. చిక్కల్లా ఏమిటంటే, మావారికి ఇంగ్లీషులో బోర్డు చదవడం వచ్చు, పేరా చదవడం రాదు. నేను మిషన్ స్కూల్లో పదో క్లాసు దాకా చదివాను. అందుకని కట్ట శనివారం మా ఇంటికొచ్చేది. నేను అంతా చదివి, ఏ పేజీలో ప్రమాదం ఉందో ఆయన కంచంలో పులుసు పోస్తూ తెలుగులో చెప్పేదాన్ని. ఆయన త్రేన్చి, "అయితే కోసీ" అనేవారు. సోమవారం ఆఫీసులో అదే ఆయన అభిప్రాయం అయ్యేది. బర్మా దేశం ఏం చదవకూడదో తేల్చింది పదేళ్ళపాటు అహ్లోన్ రేవు పక్కన వంటింట్లో పీట మీద కూర్చున్న నేనన్నమాట! ఆయనది సెన్సారు, నాది సంసారం. రెండింట్లోనూ కోత నాది, కోతలు ఆయనవి. జీవితంలోంచి ఒక్క అక్షరం కోసేస్తే జీతం మిగులుతుంది చూశారూ, ఆ జీతం ఆయన తెచ్చుకునేవారు. కోసి పారేసిన అక్షరాన్ని నేను.

ఇదంతా పని అని మా అత్తకి తెలియదు. "సదూకున్న కోడలు గదా, కూకోని బొమ్మలు సూస్తన్నాది. ఎసరు పెట్టేదెవులు?" అని వీధి వినేలా అనేది. వీధి వినేది. ఇది పనే అత్తా అని చెప్పడానికి లేదు, రహస్యం కదా. సర్కారు రహస్యం మాట ఎలా ఉన్నా, మొగుడికి ఇంగ్లీషు రాదన్న రహస్యం మాత్రం ప్రాణం పెట్టి కాపాడాలి. కోసిన కాగితాలు కాల్చేయాలన్నది ఆఫీసు రూలు. వాటితోనే పొయ్యి రాజేసేదాన్ని. నున్నటి కాగితం, ఇట్టే అంటుకుంటుంది. వియత్నాం యుద్ధం మీద నేను ఎన్నిసార్లు అన్నం వార్చానో లెక్కలేదు.

ఆ యుద్ధం గురించే డెబ్భై మూడులో ఒకటి చదివాను. వియత్నాం విషయంలో అమెరికా సర్కారు జనానికి ఏళ్ళ తరబడి చెప్పిన అబద్ధాల గుట్టంతా ఉన్న కాగితాలు, అమెరికాలో ఒక పెద్దమనిషి ఆఫీసులోంచి పట్టుకొచ్చి, నకళ్ళు తీసి పేపర్లకి ఇచ్చేశాడట. నకళ్ళు తీసేటప్పుడు ఆయన పిల్లలు కూడా పక్కన కూర్చుని, కాగితాల మీద "పరమ రహస్యం" అన్న ముద్రని కత్తెరతో కోసేశారట. నాకు ఆ సంగతి తెగ నచ్చింది. వాళ్ళ కత్తెర రహస్యాన్ని కోసి కాగితం ఉంచింది, నా కత్తెర కాగితాన్ని కోసి రహస్యం ఉంచుతోంది అనుకుని, భలే అన్నానే అని నన్ను నేనే మెచ్చుకున్నాను. మెచ్చుకుని, ఆ పేజీని పన్నెండు కాపీల్లోంచీ కోసి, దాంతోనే సాయంత్రం టీ కాచాను.

డెబ్భై నాలుగు జూన్‌లో రంగూన్‌లో బియ్యం మాయమయ్యాయి. మా అన్నయ్య యర్రయ్య పనిచేసేది బియ్యం మిల్లులో. రోజంతా బియ్యం బస్తాలు మోసేవాళ్ళ ఇళ్ళలో గంజికి నూకలు లేవు. మిల్లువాళ్ళంతా పని మాని గేటు ముందు కూర్చున్నారు. లారీల్లో సైనికులొచ్చారు. తుపాకుల చప్పుడు మా వంటింట్లోకి వినిపించింది. మర్నాడు పేపర్లో అల్లరిమూకని చెదరగొట్టారనీ, కొందరు కూలీలు పరారీలో ఉన్నారనీ వేశారు. మా అన్నయ్య ఆ కొందరిలో చేరాడు. పోలీసొకడు మా వదిన వెంకటరత్నమ్మ ఇంటికెళ్ళి, నీ మొగుడు పరారీ, వస్తే స్టేషనుకొచ్చి చెప్పు అని, రేషను కార్డులో అన్నయ్య పేరు కొట్టేసి పోయాడు. ఆ మిల్లు కూలీల ఇళ్ళ లైన్లలో ఇంకా పదిపన్నెండు మంది ఆడవాళ్ళకీ అదే మాట.

"మీ అన్నకి కాల్లున్నాయి, పోనాడు. ఎవుత్తినో తగులుకోనుంటాడు," అంది మా అత్త.

నన్ను స్కూలుకి పంపడానికి పదమూడో ఏట తన బడి మానేసి రేవులో మూటలెత్తినవాడు అన్నయ్య. నాకొచ్చిన ఇంగ్లీషంతా వాడి మూపు మీద నుంచి దిగిందే. అలాంటివాడు పెళ్ళాన్ని వదిలేసి పోతాడా? వదిన రోజూ సాయంత్రం మా గుమ్మంలోకొచ్చి నిలబడేది. మావారు సర్కారు మనిషి కదా, ఆయన్నే అడిగేది. "అన్నయ్యా, ఏటైనా తెలిసిందేటి?" "వచ్చీస్తాడులే చెల్లెమ్మా," అనేవారు ఈయన. ఐదు వారాలు ఇదే ప్రశ్న, ఇదే జవాబు.

ఆ శనివారం మావారు కట్ట తెచ్చి నా పీట పక్కన పెట్టి, "ఈసారి నేనే కోసీసేను. ప్రతివారం నీకెందుకు శ్రమ?" అన్నారు.

మా పెళ్ళయి పద్ధెనిమిదేళ్ళు. ఈ మనిషి కుండలోంచి గ్లాసుడు నీళ్ళు ముంచుకోగా నేను చూడలేదు. తన లుంగీ ఏ దండెం మీద ఆరుతుందో తెలియదు. అలాంటివాడు నా మీద జాలిపడి కత్తెర పట్టాడంటే, చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గాని, నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన భోంచేసి పడుకున్నాక కట్ట విప్పాను. ఆ కోత చూస్తే ఎవరికైనా నీళ్ళు తిరుగుతాయి. పేజీ కోసేటప్పుడు పిన్ను దగ్గర వేలెడు అంచు వదలాలి. లేకపోతే అదే కాగితానికి అవతలి సగం కూడా ఊడి వచ్చేస్తుంది. ఈయన పిన్ను దాకా లాగించారు. పత్రిక ఎత్తితే చాలు, పేజీలు జలజలా రాలుతున్నాయి. సోమవారం ఆఫీసరు చూస్తే ఏమనుకుంటాడు? సరే, మగవాళ్ళు చేసిన పని మళ్ళీ మనం చేసుకోవడం కొత్తా అని, మైదాపిండి జిగురు ఉడికించుకుని ఒక్కొక్కటే అతుకుతూ కూర్చున్నాను. పదకొండు కాపీల్లో పోయింది ముప్పై ఒకటో పేజీ. ఒక్కదాంట్లో మాత్రం కంగారులో దాని ముందు కాగితం కోశారు. ముప్పై ఒకటి అలాగే ఉంది.

పైన "రంగూన్" అని ఉంది. కింద ఫొటో. మిల్లు గేటు. గేటు ముందు తోపుడుబండి. బండి మీద వెల్లకిలా మా అన్నయ్య.

నోరు తెరుచుకుని ఉంది. కళ్ళూ తెరిచే ఉన్నాయి. చొక్కా ముందంతా నల్లగా ఉంది. బండి చక్రాల దగ్గర నేల మీద ఇంకా ఉన్నారు, ఒకరి మీద ఒకరు. ఎవరు తీశారో, ఆ ఫొటో దేశం ఎలా దాటిందో. నాకు ప్రతిదానికీ ఏదో ఒక మాట తోస్తుంది, తోచేదాకా ఊరుకోను కూడా. ఆ మధ్యాహ్నం నాకు ఒక్క మాట తోచలేదు. జిగురు వేళ్ళ మీదే ఎండిపోయింది.

వెళ్ళి ఆయన్ని లేపి, పేజీ మొహం ముందు పెట్టాను.

"ఇంకోటి ఉండిపోయిందేటి?" అన్నాడు. అదీ మొదటి మాట.

"ఎప్పుడు చూసేరు?"

"మంగళారం."

మంగళవారం సాయంత్రం కూడా వదిన వచ్చింది. చేపతల చీకుతూ ఈయన, వచ్చీస్తాడులే చెల్లెమ్మా అన్నాడు. రెండోసారి పులుసు పోసింది నేనే.

"నీకోసమేనే దాచేను, చూస్తే బెంగెట్టుకుంటావని. ఇది బయటికెళ్తే నన్ను ఇన్సేన్ జైల్లో పడేస్తారు, తెలుసునా? ఇల్లు పోద్ది. అమ్మెలా బతుకుద్ది? కోసీసి పొయ్యిలో పడీ. నువ్వెప్పుడూ చేసే పనే గదా."

నేనెప్పుడూ చేసే పనే. గోడకి జారగిలబడి కూర్చున్నాను. అన్నయ్య మొహం చూసినప్పటికంటే ఆ మాటే ఎక్కువ తగిలింది. వియత్నాంలో ఏదో ఊళ్ళో బాట మీద ఆడవాళ్ళూ పిల్లలూ పడి ఉన్న ఫొటో ఒకటి, ఎన్నేళ్ళ కిందటో, నేను కోశాను. తిన్నగా, అంచు వదిలి, చాలా బాగా కోశాను. ఆ బాట మీద ఎర్రచొక్కా పిల్లకి మేనత్త ఉండదా? ఆవిడ ఎవరి గుమ్మంలోనో నిలబడి రోజూ అడిగి ఉండదా? ఆ పూట నేను చారు పెట్టాను, ఉప్పు ఎక్కువైందని తిట్లు తిన్నాను, తిట్టాడని రాత్రంతా నా మీద నేనే జాలిపడ్డాను. కోసినదాని గురించి ఒక్క క్షణం కూడా అనుకోలేదు. మా అన్నయ్యని పదకొండు కాపీల్లోంచి కోసింది ఈ మనిషి. పదేళ్ళలో మిగతా వాళ్ళ అన్నయ్యలందర్నీ కోసింది నేను. నాది కాని ఉద్యోగం, నాకు రాని జీతం అనుకుంటూ, పాపం కూడా నాది కాదనుకున్నాను.

లేచాను. ఆ పేజీ కోశాను. మడిచి రవికలో పెట్టుకున్నాను.

"ఎక్కడికే?" అన్నాడు. గట్టిగా అరవడానికి లేదు, అరిస్తే వీధి వింటుంది.

"వానలో ఎక్కడికెల్తన్నావే? ఎసరెవులెడతారు?" అంది అత్త.

"మీ అబ్బాయి పెడతారత్తా. పని నేర్చుకున్నారు."

మిల్లు లైన్లలో మూడింటికి కొళాయి వస్తుంది. వదిన బకెట్‌తో వరసలో ఉంది. వరండాలోకి పిలిచి కాగితం విప్పాను. చూసింది. తడినేల మీద అలాగే కూర్చుండిపోయింది. బొమ్మలో అన్నయ్య మొహం మీద వానచుక్క పడితే చెంగుతో అద్దింది. "కింద ఇంగ్లీసులో ఏటి రాసున్నాది?" అంది.

"పేరు తెలియని ఒక కూలీ, అని."

"పేరు తెలీకపోడమేటి మరదలా? రాయి."

పెన్సిలు తీసి ఫొటో పక్కన రాశాను, తెలుగులో ఒకసారి, బర్మా భాషలో ఒకసారి. అప్పటికి కొళాయి దగ్గర ఆడవాళ్ళు బకెట్లు వదిలేసి మా చుట్టూ చేరారు. ఒకావిడ వంగి చక్రం పక్కన వేలు పెట్టింది. "ఒలమ్మో, మావోడు కన్నయ్య గదా! పరారీ అన్నారు గదే!" రాశాను. బర్మా ఆవిడ ఒకామె ఇంకో చోట వేలు పెట్టి, కొడుకు పేరు చెప్పింది. అదీ రాశాను. అంచుల్లో చోటు అయిపోయింది.

వదిన కాగితం అందుకుని లేచింది. "నాను దీన్ని లైన్లన్నీ తిప్పుతాను. అందుకే గదా తెచ్చేవు?"

"అందుకే."

"పోలీసోడు పట్టుకుంటాడు. ఎవులిచ్చేరంటాడు. దారిలో దొరికిందని సెప్పనా? నమ్మడు. నీ మొగుడే ఇచ్చేడనుకుంటాడు, ఆడి ఆపీసుదే గదా."

"ఆయన కాదు వదినా. పదేళ్ళుగా కోసింది నేను. నా పేరు చెప్పు."