జర్మనీ డ్రమ్ము, జపాన్ డ్రమ్ము

నాచారంలో నేను అద్దెకున్న గది నరసింహమూర్తి సారు ఇంటి వెనుక, బోరు పక్కన ఉండేది. మధ్యలో ఒక్క ఇటుక మందం గోడ. గోడకు అవతల వాళ్ల హాలు. వాళ్లు పెట్టే ఇంగ్లీషు పాట నేను కావాలని విన్నది కాదు. ఆదివారం అన్నం తిని నడుం వాలిస్తే గోడలోంచి వచ్చేది.

మొదట్లో అది పాట అనుకోలేదు. ఇరవై నిమిషాలకు పైనే నడిచేది. ఒకచోట చర్చిలో వాయించే పెట్టె ఒక్కటే మోగేది. ఒకచోట మనిషి మాట్లాడినట్టు పాడేవాడు. ఒకచోట అందరూ కలిసి ఉరికేవాళ్లు, అంతలోనే ఎవరూ లేనట్టు అయిపోయేది. నాలుగైదు ఆదివారాలు విన్నాక అర్థమైంది. ఇది కథ. మాటలు తెలియకపోయినా కథ నడక తెలుస్తుంది. మా బీరయ్య మామ చెప్పే ఒగ్గు కథ కూడా ఇట్లాగే నడిచేది. జనగామ దగ్గర మా ఊళ్లో ఏడో తరగతి చదివి, పన్నెండేళ్లు ఆయన వెనుక డోలు కొట్టాను. మామ పోయాక మేళం చెదిరింది. పట్నం వచ్చి మోటార్ వైండింగ్ నేర్చుకున్నాను.

నరసింహమూర్తి సారుది కాకినాడ. రామంతాపూర్‌లో ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. ఆయన బావమరిది జగన్మోహన్ సారు బ్యాంకులో పనిచేసేవాడు, ఏఎస్ రావు నగర్‌లో కాపురం. నరసింహమూర్తి సారు నాకు పెద్దాయన, ఈయన చిన్నాయన. ఆదివారం స్కూటర్ మీద వచ్చేవాడు. కాళ్ల దగ్గర టర్కీ టవల్‌లో చుట్టిన టేప్ రికార్డర్ ఉండేది. పెద్దాయనకు ఇంట్లో టేప్ ఉంది కదా, ఈయన ఇంకొకటి ఎందుకు మోసుకొస్తాడా అనుకునేవాణ్ని.

అది వాళ్లు పెట్టుకున్న నియమం. ఎనభై మూడులో పెద్దాయన టేపు చిన్నాయన క్యాసెట్ ఒకదాన్ని నమిలేసిందట. ఆ రోజు నుంచి ఎవరి క్యాసెట్ వాళ్ల టేపులోనే. ఇద్దరి దగ్గరా ఉన్నది అదే పాట, కానీ వేర్వేరు ఊళ్లలో జనం ముందు వాయించినప్పుడు పట్టింది. పెద్దాయనది జర్మనీలో వాయించినది, ఓడలో పనిచేసే స్నేహితుడు కాకినాడ రేవులో చేతికిచ్చాడు. చిన్నాయనది జపాన్‌లో వాయించినది, విశాఖపట్నంలో పాటలు రికార్డు చేసిచ్చే షాపులో చేయించుకున్నాడు. క్యాసెట్ మీద షాపువాడు ఎర్ర సిరాతో ఆ జపాన్ ఊరి పేరు కూడా రాసిచ్చాడు.

ముందు జర్మనీ, తర్వాత జపాన్. ఆ తర్వాత కొట్లాట.

"మీ జర్మనీవాడు నిద్రమత్తులో వాయించాడు బావా. డ్రమ్ము మీద దెబ్బ పడేలోపు నేను కాఫీ తాగేసి రావచ్చు."

"అది మత్తు కాదురా, నిదానం. నీ జపాన్‌వాడికి ఆఖరి బస్సు పోతోందేమో, అలా పరిగెడుతున్నాడు."

ఒకరోజు టేపు బెల్టు తెగి పెద్దాయన నా తలుపు కొట్టాడు. కోఠి నుంచి బెల్టు తెచ్చి వేశాను. ఆ ఆదివారం నన్ను కూర్చోమన్నారు. పాట అయిపోయాక ఎట్లా ఉందని పెద్దాయన అడిగాడు.

"డోలాయన మంచిగ కొట్టిండు సారు."

చిన్నాయన నవ్వాడు. "డోలు కాదు సాంబయ్యా, డ్రమ్ములు. సరే, ఏం బాగుంది చెప్పు."

నాకు మాటలు రావు. వచ్చినంత చెప్పాను. నడుమ అంతా ఆగిపోయే చోటు ఒకటి ఉంది. అక్కడి నుంచి మళ్లీ డ్రమ్ము లేవాలి. లేవాల్సిన దెబ్బ దగ్గర ఆయన కొట్టడు. ఒక ఊపిరంత ఆగుతాడు. వినేవాడి చెయ్యి తనంతట తాను లేస్తుంది. అప్పుడు కొడతాడు. మా మామ, కథలో తల్లి కొడుకును గుర్తుపట్టే చోట నన్ను సరిగ్గా అట్లాగే ఆపేవాడు. ఐనవోలు జాతరలో ఒకసారి ఎంతసేపు ఆపాడంటే ముందు కూర్చున్న ముసలామె "కొట్టు బిడ్డా" అంది. అదే కథ ఆలేరులో ఒకరి వాకిట్లో చెప్పినప్పుడు అసలు ఆపలేదు. ఆ ఇంట్లో కొడుకు పోయి నెల కాలేదు. నాకు ఆ రెండూ ఇష్టమే. ఏది గొప్ప అంటే ఐనవోలుదే.

చిన్నాయన నవ్వడం మానేశాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం గుమ్మం పక్కన నా కుర్చీ ఉండేది.

మూడో ఆదివారం ఒక సంగతి నా చెవిన పడింది. జర్మనీ పాటలో ఆ ఆగిన చోట, జనంలో ఎవరో రెండుసార్లు దగ్గారు. వెంటనే డ్రమ్ము చట్రానికి పుల్ల తగిలి టక్కుమంది. కొట్టడానికి చెయ్యి లేపినప్పుడు పొరపాటున తగిలినది. అరగంట తర్వాత జపాన్ పాటలో కూడా రెండు దగ్గులు, ఒక టక్కు. గొంతు సన్నం, నడక వేగం. దగ్గు మాత్రం అదే మనిషిది. మరుసటి ఆదివారం లెక్కపెట్టి విన్నాను. పాట నడకతో పోల్చి చూస్తే దగ్గుకూ టక్కుకూ నడుమ ఉన్న సందు కూడా అదే.

రెండు ఊళ్లు కావు. ఒకటే వాయింపు. ఒక టేప్ రికార్డర్ నెమ్మదిగా నడుస్తోంది, ఒకటి తొందరగా నడుస్తోంది. ఎవరి క్యాసెట్ వాళ్ల టేపులోనే వేసుకుంటారు కాబట్టి ఇరవై రెండేళ్లు వాళ్లకు తెలియలేదు.

చెప్పేద్దామనుకున్నాను. ఆ వారమే బోరు దగ్గర సత్యవేణమ్మ నాతో మాట్లాడింది. పెద్దాయన భార్య, చిన్నాయనకు అక్క.

"సాంబయ్యా, వాళ్లు నిన్ను తీర్పు అడుగుతారు. ఎవరివైపూ చెప్పకు."

"ఎందుకమ్మా?"

"మా నాన్నగారు పోయినప్పుడు వీళ్లిద్దరికీ మాటలు పోయాయి. జబ్బు మనిషిని వైద్యానికి హైదరాబాద్ తీసుకొద్దామని ఈయన, కదిలించొద్దని వాడు. నాలుగేళ్లు మా తమ్ముడు ఈ గడప తొక్కలేదు. ఒకరోజు బజారులో ఎదురుపడి, జర్మనీ బాగుందా జపాన్ బాగుందా అని మొదలుపెట్టారు. మళ్లీ రావడం మొదలైంది. ఇప్పటికీ వాళ్లు మాట్లాడుకునేది ఆ పాటొక్కటే. అది తేలిపోతే ఇంక వాడు ఎందుకొస్తాడు?"

నేను నోరు మూసుకున్నాను. ఆరు వారాలు మూసుకున్నాను.

మే నెలలో చిన్నాయనకు అనకాపల్లి బదిలీ అయింది. ఆఖరి ఆదివారం రెండు టేపులూ బల్ల మీద పక్కపక్కన పెట్టారు. రెండు పాటలూ విన్నారు. చిన్నాయన నావైపు తిరిగాడు.

"మేం వెళ్లిపోతున్నాం. ఇవాళ తేలాలి. డోలు పట్టిన చెయ్యి నీది. ఏది గొప్ప?"

"తెలంగాణోడు చెబితే ఆంధ్రావాడు ఒప్పుకోవాలి మరి," అన్నాడు పెద్దాయన.

"మీదీ ఆంధ్రాయే కదా బావా."

సత్యవేణమ్మ కాఫీ గ్లాసుల పళ్లెంతో వంటింటి గుమ్మంలో నిలబడింది. నన్నే చూస్తోంది. రెండూ మంచిగున్నయి అంటే అయిపోయేది. కానీ డోలు విషయంలో నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదు. దెబ్బ తప్పు పడితే మా మామ వెయ్యి మంది ముందు కథ ఆపి, మళ్లీ కొట్టమనేవాడు.

"రెండూ ఒక్కటే సారు," అన్నాను.

"సమానమంటావా?"

"సమానం కాదు. ఒక్కటే. ఒకే దినం కొట్టింది. ఆగేకాడ జర ఇనుండ్రి, దగ్గు వస్తది."

చిన్నాయన టేపు వెనక్కి తిప్పాడు. పెద్దాయన కూడా. దగ్గు, దగ్గు, టక్కు. ఇటు దగ్గు, దగ్గు, టక్కు. మూడుసార్లు తిప్పారు.

"మీ షాపువాడు నీకు టోపీ పెట్టాడురా."

"మీ ఓడవాడు పెట్టలేదని ఏంటి నమ్మకం?"

అది ప్రతి ఆదివారం ఆడే మాటలాగా లేదు. మాట అడుగున ఊపు లేదు. చిన్నాయన క్యాసెట్ బయటికి తీసి ఎర్ర సిరా రాతను చూశాడు.

"ఇరవై రెండేళ్లు," అన్నాడు. "మీ నిదానమూ లేదు, నా వేగమూ లేదు. మోటారు తేడా."

టవల్ తీసుకొని టేపును చుట్టడం మొదలుపెట్టాడు. పెద్దాయన ఆపలేదు. సత్యవేణమ్మ పళ్లెం బల్ల మీద పెట్టి, ఎవరికీ గ్లాసు అందివ్వకుండా నిలబడింది. నావైపు చూడలేదు.

ఆ పని చేసింది నేను. దాన్ని అక్కడ వదిలి గదికి పోలేను.

"జర ఆగుండ్రి సారు. ఈ రెండిట్ల ఏదీ ఆయన కొట్టిన నడక కాదు."

చిన్నాయన చేతులు ఆగాయి. "అంటే?"

"ఒకటి నిమ్మలం, ఒకటి తొందర. ఆయన కొట్టింది నడుమ యాడనో ఉంటది. నేను తీస్త."

గదిలోకి పోయి సన్న స్క్రూడ్రైవర్ తెచ్చాను. ఫ్యాను ఆపి ట్యూబ్‌లైటు వెయ్యమన్నాను. పట్టపగలు లైటెందుకని పెద్దాయన అడిగాడు.

"చోక్ మోతకు సారు."

ట్యూబ్‌లైటు చోక్ సన్నగా మోగుతుంది. ఎవరూ పట్టించుకోరు. మాకు అదే కొలబద్ద, మోటారు కట్టి కరెంటు ఇచ్చాక మేము చూసేది ఆ మోతనే. పాట ఆగిన చోట, దగ్గులకు ముందు, ఆ వాయించేవాళ్ల సామాన్ల కరెంటు మోత కూడా టేపులో పడింది. ఆ మోత ఈ చోక్ మోతతో కలిస్తే, పాట తన నడకలో ఉన్నట్టు.

"వాళ్ల కరెంటు, మన కరెంటు ఒకటేనా?" అన్నాడు చిన్నాయన.

"జర్మనీ మోటార్లు మా షాపుకొస్తయి. మీద యాభై హెర్ట్జ్ అనే రాసుంటది. మనదీ గంతే."

"విన్నావా, కరెంటు కూడా జర్మనీయే అంటోంది," అన్నాడు పెద్దాయన.

"కరెంటు ఊరి పేరు చెప్పదు బావా."

మాటల అడుగున కొద్దిగా ఊపు వచ్చింది. నేను పెద్దాయన టేపు వెనుక మూత తీశాను. మోటారు వీపు మీద చిన్న రంధ్రం ఉంటుంది, లోపల వేగం తిప్పే స్క్రూ. ఆ ఆగిన చోటు మళ్లీ మళ్లీ పెట్టి, ఇంత ఇంత తిప్పాను. రెండు మోతలూ ఒకదానితో ఒకటి పడక ఊ, ఊ అని ఊగాయి. ఇంకొంచెం తిప్పితే ఊగడం నెమ్మదించింది. ఇంకొంచెం. ఊగడం ఆగిపోయింది. హాలంతా ఒకే మోత.

"ఇప్పుడు మొదటి నుంచి పెట్టుండ్రి," అన్నాను.

ఇరవై నాలుగు నిమిషాలు ఎవరూ కదల్లేదు. ఆ గొంతు సన్నమూ కాదు, బరువూ కాదు, మన ఎదురుగా ఉన్న మనిషి గొంతు. చర్చి పెట్టె మోగినప్పుడు పెద్దాయన కళ్లు మూసుకున్నాడు. అందరూ ఉరికే చోట తొందర లేదు, కానీ ఆపేవాడూ లేడు. ఆగే చోటు వచ్చింది. దగ్గు, దగ్గు, టక్కు. ఆయన ఆగాడు. నెమ్మది టేపులో అది బద్ధకంలా ఉండేది, వేగం టేపులో తెలిసేదే కాదు. ఇప్పుడు తెలిసింది, ఆయన ఎంత ధైర్యంగా ఆగాడో. అన్ని వేల మంది ముందు చెయ్యి పైకెత్తి, ఒక ఊపిరి. చిన్నాయన చెయ్యి మోకాలి మీద నుంచి లేచింది. అప్పుడు దెబ్బ పడింది.

నాకు ఐనవోలు గుర్తొచ్చింది. ఆ దేశమేదో, ఆ మనిషెవరో నాకు తెలియదు. మా మామ ఉంటే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకునేవాడు.

పాట అయ్యాక చల్లారిన కాఫీలు తాగాము. చిన్నాయన తన టేపును టవల్‌లోంచి విప్పి నా ముందు పెట్టాడు.

"దీన్నీ తిప్పు. కానీ మళ్లీ పాత చోటికి ఎలా తిప్పాలో కూడా చూపించు."

"ఎందుకురా ఇంకా?" అన్నాడు పెద్దాయన.

"నా జపాన్ నాకు కావాలి. లేదని తెలిసినా సరే."

నా దగ్గర వైండింగ్‌కు వాడే వార్నిష్ ఉంది. రంధ్రం పక్కన పాత చోటుకు ఒక చుక్క, అసలు చోటుకు ఒక చుక్క పెట్టాను. పెద్దాయన చూసి, తనదానికీ పెట్టమన్నాడు. చిన్నాయన స్కూటర్ గేటు దాటేదాకా సత్యవేణమ్మ గుమ్మంలోనే నిలబడింది. లోపలికి పోతూ, "నీకు చెప్పొద్దన్నాను కదా సాంబయ్యా," అంది. కోపంగా అన్నట్టు లేదు, అలాగని కోపం లేదనీ చెప్పలేను.

తర్వాతి ఆదివారం నేను నా గదిలోనే ఉన్నాను. గోడ అవతల పాట లేదు. మధ్యాహ్నం రెండు దాటింది. అప్పుడు ఫోను మోగింది. సత్యవేణమ్మ ఎత్తింది, తమ్ముడి యోగక్షేమాలు అడగబోయి మధ్యలో ఆగింది.

"ఏవండీ, వాడు మిమ్మల్నే అడుగుతున్నాడు. ఇవాళ ఏ చుక్క మీద విన్నారని."

పెద్దాయన కుర్చీ జరిగిన చప్పుడు.

"ఇంకా వినలేదురా, నీ ఫోను కోసమే చూస్తున్నాను. నువ్వు? జపాన్ చుక్క మీదా? నాకు తెలుసు. ఆ వేగంలో ఆయన ఆగిన ఊపిరి ఎక్కడ దొరికిందిరా నీకు?"

గోడ మీద రెండుసార్లు చప్పుడైంది. సాంబయ్యా రా, నీ కుర్చీ వేశాం అన్నది సత్యవేణమ్మ గొంతు.