ప్రిసిల్లా చేప

పెళ్లైన ఎనిమిదో నెలలో జాస్మిన్ ఒక సంగతి తనకు తానే ఒప్పుకుంది. ఆమె కుళ్లుకుంటోంది. అదీ ఒక చేప మీద.

హఫీజ్‌పేట్ రైల్వే స్టేషన్‌కి దగ్గర్లో, మూడో అంతస్తులో వాళ్ల ఫ్లాటు. హాల్లో సోఫాకి ఎదురుగా, మిగతా ఇళ్లలో టీవీ ఉండే చోట, వాళ్లింట్లో గాజు తొట్టి ఉంది. అందులో ఒకే ఒక్క గోల్డ్‌ఫిష్. అరచేయంత ఉంటుంది, నారింజ రంగు, వీపు మీద తెల్ల మచ్చ. పేరు బంగారి. దాన్ని కొనిపించిందీ, ఆ పేరు పెట్టిందీ క్రిస్టోఫర్ మొదటి భార్య ప్రిసిల్లా. మూడేళ్ల కిందట ఒక ఉదయం స్నానాల గదిలో పడిపోయింది ఆమె. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. ఆమె ఫొటోలన్నీ క్రిస్టోఫర్ రెండో పెళ్లికి ముందే తీసి అట్టపెట్టెలో సర్దేశాడు. అడక్కుండానే ఆ పని చేసినందుకు జాస్మిన్‌కు అతని మీద గౌరవం కలిగింది. కానీ చేపను ఏ పెట్టెలో సర్దుతాడు?

జాస్మిన్‌ది తెనాలి. కొండాపూర్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. ముప్పై నాలుగేళ్లొచ్చాక, చర్చిలో సరోజమ్మగారు తెచ్చిన సంబంధం ఇది. రెండో పెళ్లివాడని ఇంట్లోవాళ్లు వెనకాడితే తనే సరేనంది. లేని మనిషితో పోటీ ఏముంటుందిలే అనుకుంది.

క్రిస్టోఫర్ మంచివాడే. గొంతు పెంచడు, వంటకు వంక పెట్టడు. కాకపోతే ఆమెతో మాట్లాడేది బహు తక్కువ. ఉప్మా బాగుందనేవాడు, గ్యాస్ బుక్ చేశాననేవాడు, అంతే. చేప దగ్గర మాత్రం నోరు విప్పేవాడు. పొద్దున లేవగానే తొట్టి ముందు కూచుని, లేచావా అని పలకరించేవాడు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా, మేనేజరు ఏమన్నాడో, ఏ సాఫ్ట్‌వేర్ టెస్టు ఫెయిలైందో, సైబర్ టవర్స్ దగ్గర ఎంతసేపు ఆగిపోయాడో అన్నీ దానికి చెప్పేవాడు. జాస్మిన్ వంటింట్లో నుంచి వినేది. భర్త ఆఫీసు సంగతులు ఆమెకు తెలిసేది అలాగే.

అతను మాట్లాడుతున్నది చేపతో కాదనీ, దాని వెనక ఉన్న మనిషితోననీ ఆమెకు గట్టి నమ్మకం.

ఆగస్టులో ఒక శనివారం ఆమెకు డ్యూటీ లేదు. క్రిస్టోఫర్‌కి ఉంది. ఇల్లంతా సర్దుతూ సర్దుతూ తొట్టి దగ్గర ఆగింది. గాజుకి పచ్చటి పాచి పట్టి ఉంది. అప్పటిదాకా ఆ తొట్టిలో ఆమె చేయి పెట్టింది లేదు. ఆ రోజు పాచి గీకేసింది. అడుగున ఉన్న గులకరాళ్లు కడిగింది. ఫిల్టర్ విప్పితే లోపల స్పాంజి, గోధుమరంగు జిగురుతో నిండి ఉంది. రోజూ వార్డులో శుభ్రం శుభ్రం అని అందరి వెంటా పడే మనిషి, దాన్ని చూసి ఊరుకోలేకపోయింది. కుళాయి కింద పెట్టి, తెల్లబడేదాకా పిండింది. శుభ్రం కోసమేనని తనకు తాను చెప్పుకుంది. అయినా ఆ స్పాంజిని పిండేటప్పుడు ఆ చేతుల్లో అక్కర్లేనంత బలం ఉంది. అది ఆమెకూ తెలుసు.

సాయంత్రం క్రిస్టోఫర్ చూసి మురిసిపోయాడు. తొట్టి అద్దంలా ఉందన్నాడు.

నాలుగో రోజుకి బంగారి నీటి పైకొచ్చి నోరు తెరుచుకుని గాలి మింగసాగింది. రెక్కలు ఒంటికి అతుక్కుపోయాయి, తోక మీద ఎర్రటి చారలు లేచాయి. మేత గుళికలు వేస్తే వాటివైపు కూడా చూడలేదు. క్రిస్టోఫర్ ముఖం పాలిపోయింది. అప్పటికప్పుడు ఆఫీసుకి ఫోన్ చేసి, ఇంట్లోవాళ్లకి ఒంట్లో బాగాలేదని చెప్పి మూడు రోజులు లీవు పెట్టాడు.

జాస్మిన్ గుమ్మంలో నిలబడి ఆ మాట వింది. జూలైలో ఆమెకు డెంగీ వచ్చింది. మందులు, కొబ్బరిబోండాలు వేళకు మంచం పక్కన పెట్టి ఆఫీసుకి వెళ్లిపోయాడు, ఆ నాలుగు రోజులూ. అప్పుడు పని ఒత్తిడిలే అని సర్దుకుంది. ఇప్పుడు సర్దుకోలేకపోయింది. చేప చచ్చిపోతే పోనీ అని కూడా అనుకుంది, ఆ వెంటనే సిగ్గుపడింది.

ఒక సీసాలో తొట్టి నీళ్లు పట్టుకుని ఇద్దరూ చందానగర్ వెళ్లారు. ఆ చేపను అమ్మిన లింగమూర్తి దుకాణం అక్కడి మార్కెట్లోనే. అతను ఒక గాజు గొట్టంలో నీళ్లు పోసి, రెండు చుక్కల మందు వేశాడు. నీళ్లు ముదురు ఆకుపచ్చగా మారాయి. విషమెక్కిందన్నాడు. తర్వాత జాస్మిన్ వైపు తిరిగాడు.

"మేడం, ఫిల్టర్ల స్పాంజి ఉంటది గదా, దాన్ని నల్లా నీళ్లతోని గిట్ల కడిగిండ్రా?"

క్రిస్టోఫర్ పక్కనే ఉన్నాడు. "లేదండి" అంది జాస్మిన్.

నల్లా నీళ్లలో మందు కలుపుతారనీ, స్పాంజిలో ఉండే మంచి క్రిములు ఆ మందుకి చచ్చిపోతాయనీ, చేప మలినాన్ని విషం కాకుండా చూసేవి అవేననీ లింగమూర్తి వివరించాడు. ఎవరు చేసినా ఫికర్ చెయ్యొద్దన్నాడు. తన తొట్టిలో నానుతున్న ఒక పాత స్పాంజిని, జిగురుతో సహా, సంచిలో వేసి ఇచ్చాడు. రోజూ సగం నీళ్లు మార్చాలి, రెండు రోజులు తిండి పెట్టొద్దు, దొడ్డుప్పు కరిగించి కొద్దికొద్దిగా పొయ్యాలి, గాలి పంపు ఆపకూడదు.

మూడు రోజులూ క్రిస్టోఫర్ తొట్టి పక్కనే ఉన్నాడు. ముందురోజే బకెట్లలో పట్టి ఉంచిన నీళ్లు వేలు పెట్టి చూసి చూసి పోసేవాడు. నాలుగో రోజు ఆఫీసుకి వెళ్లక తప్పలేదు. ఆ రోజు జాస్మిన్ ఇంట్లో ఉంది. బయల్దేరేముందు బీరువాలో నుంచి ఒక నోటుపుస్తకం తీసిచ్చాడు. ఉప్పు ఎంత కలపాలో, నీళ్లు ఎలా మార్చాలో అందులో ఉందన్నాడు. నీలం అట్ట మీద "బంగారి" అని గుండ్రటి అక్షరాలు. ఎవరి రాతో అడగక్కర్లేదు.

అతను వెళ్లాక చాలాసేపు దాన్ని ముట్టుకోలేదు. చివరకు ఉప్పు కొలత కోసం తెరిచింది. మొదటి పేజీలోనే, కింద గీత గీసి ఉంది: స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే ముంచి తీయాలి, కుళాయి కింద పెట్టకూడదు. జాస్మిన్‌కు చెంప మీద కొట్టినట్టైంది. ఈమె అన్నీ తెలిసిన మనిషి, తను ఏమీ తెలియకుండా చెడగొట్టిన మనిషి. పుస్తకం మూసేద్దామనుకుంది. చేయి మాత్రం పేజీలు తిప్పుతూనే ఉంది.

సగం దాటాక రాసే విషయం మారింది. కొలతల మధ్యలో వేరే మాటలు కనిపించాయి.

"ఆయన రాగానే ముందు దీని దగ్గరికే. ఇంట్లో ఒంటరిగా ఉంటున్నానని నేనే కొనమన్నాను. ఇప్పుడు కబుర్లన్నీ దీనికి, నాకు కరెంటు బిల్లు సంగతులు."

ఇంకో పేజీలో ఒకే ఒక వాక్యం. "నాకు ఈ చేప మీద కుళ్లుగా ఉంది, ఎవరికైనా చెబితే నవ్వుతారు."

జాస్మిన్ కింద చతికిలబడి కూచుంది. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ఆ రెండూ తగ్గాక వచ్చింది మళ్లీ కుళ్లే. ఈ బాధ తనదొక్కదానిదే అనుకుంది ఇన్నాళ్లూ. చివరికి ఇది కూడా ప్రిసిల్లా తనకన్నా ముందే పడి, రాసిపెట్టుకుని మరీ వెళ్లింది. లేచి ఉప్పు కరిగించింది. సగం నీళ్లు తోడి, బకెట్లోవి నెమ్మదిగా పోసింది. చేప ఆమె మణికట్టు పక్క నుంచి తడబడుతూ ఈదింది. దానికి తన చేయీ ఒకటే, ప్రిసిల్లా చేయీ ఒకటే అనిపించింది.

క్రిస్టోఫర్ సాయంత్రం ఆరింటికే వచ్చేశాడు. తొట్టి వైపు వెళ్లబోతుంటే ఆమె ఆపి, సోఫాలో కూచోమంది.

"లింగమూర్తిగారి దగ్గర అబద్ధం చెప్పానండి. స్పాంజి కడిగింది నేనే."

అతను తల దించుకున్నాడు. "తెలుసు. లింగమూర్తి ఇచ్చింది పెట్టడానికి విప్పినప్పుడు మనది తెల్లగా ఉంది."

"మరి అడగలేదే?"

"అడిగితే ఎందుకు చేశావో కూడా చెబుతావని భయమేసింది."

జాస్మిన్ అంతా చెప్పింది. డెంగీ నాలుగు రోజుల సంగతి, లీవు సంగతి, వంటింట్లో నుంచి తను వినే మాటల సంగతి. ఏడవకుండా, వార్డులో రిపోర్టు అప్పగించినట్టు వరసగా చెప్పింది. తర్వాత నోటుపుస్తకం తెరిచి ఆ పేజీ అతని చేతిలో పెట్టింది.

మొదటి పేజీలు తప్ప అతనెప్పుడూ చదవలేదట. ఆ ఒక్క వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాడు.

"నాతో ఒక్కసారీ అనలేదు" అన్నాడు చివరికి.

"నేను అంటున్నానుగా" అంది జాస్మిన్.

మనుషుల ముందు మాట రాదనీ, ఎదుటివాళ్ల ముఖం మారుతుంటే చెప్పాలనుకున్నది గొంతులోనే ఆగిపోతుందనీ, చేప ముఖం మారదనీ అతను చాలా కష్టపడి చెప్పాడు. అది ప్రిసిల్లా గుర్తు కాబట్టి దానితో మాట్లాడుతున్నారనుకున్నానని ఆమె అంది. కాదన్నాడు. ప్రిసిల్లా ఉన్నప్పుడూ అంతేనని, అదే తన తప్పని ఒప్పుకున్నాడు. ఆ మాట విని జాస్మిన్‌కు ఊరట కలగలేదు. చనిపోయిన మనిషి మీద జాలేసింది, తన మీదా వేసింది. కానీ ఎనిమిది నెలల్లో అతను అన్ని మాటలు ఆమెతో మాట్లాడింది ఆ సాయంత్రమే.

బంగారి బతికింది. తోక చివర కొంచెం ఊడిపోయింది, ఎర్ర చారలు మాత్రం మాసిపోయాయి. జబ్బు చేసిన తొమ్మిదో రోజు మధ్యాహ్నం, డ్యూటీకి బయల్దేరుతూ, ఉడికించిన బఠానీ గింజ పొట్టు తీసి, చిదిమి నీళ్లలో వేసింది జాస్మిన్. చేప కిందికి దిగి, ఒకసారి ఉమ్మేసి, మళ్లీ నోట పెట్టుకుని మింగింది. ఆమె క్రిస్టోఫర్‌కి ఫోన్ చేసింది. అతను క్యాంటీన్‌లో ఉన్నాడు. ఎంత తింది, ఎలా ఈదుతోంది, రెక్కలు విప్పిందా అని ఒకటే ప్రశ్నలు. ఆమె గడియారం చూసుకుంది. ఇరవై నిమిషాలు. ఫోన్‌లో అతను తనతో అంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదు, ఈ ఇరవై నిమిషాలూ చేప గురించే.

మళ్లీ కుళ్లు తలెత్తింది. ఈసారి దాచుకోలేదు.

"ఇప్పుడు నా గురించి అడగండి" అంది.

క్యాంటీన్‌లో ప్లేట్ల చప్పుడు వినిపించింది. అతను గొంతు సవరించుకున్నాడు. "ఏం అడగాలో తెలియడం లేదు. నిన్న నీ వార్డులో ఎంతమంది ఉన్నారు?"

"పద్నాలుగు మంది" అని, చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ, జాస్మిన్ మొదటి మంచం నుంచి మొదలుపెట్టింది.