దిబ్బకు గడ్డం గీసిన రోజు

కురింగాలో దొంగతనం చేసినవాణ్ణి నాలుగేళ్ళు పోయాకైనా క్షమిస్తారు. సాయం వద్దన్నవాణ్ణి మాత్రం చచ్చినా క్షమించరు. ఈ సంగతి హెట్టీ ట్రెవిన్‌కు ఎవరూ చెప్పలేదు. ఆ ఊళ్ళో కాపురం పెట్టిన ఏ ఆడదానికీ ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆమె అందరిలాగే యుద్ధం నుంచి తిరిగొచ్చిన మొగుడు పర్సీ వెంట వచ్చింది. సర్కారువారు పట్నంలో కూర్చుని, పటం మీద బద్ద పెట్టి గీసిన నలుచదరపు ముక్కల్లో ఒకటి పర్సీ వాటాకు పడింది. గీసిన మహానుభావుడికి ఎక్కడ ఇసుకో ఎక్కడ మట్టో తెలియదు. వాన సంగతి అసలే తెలియదు. కనుచూపు మేర మాలీ అనే మనిషెత్తు మొండి పొదలు తప్ప ఏమీ లేని చోట సంచిగుడ్డల గుడారం వేసుకుని, పొదలు కూల్చి, తగలబెట్టి, వేళ్ళు తవ్వి, గోధుమలు చల్లారు. ఒకరి గుర్రం చస్తే పక్కవాడి గుర్రం దున్నింది. ఒకామెకు నొప్పులొస్తే ఇంకొకామె మంత్రసాని అయింది. అలా ఒకరి భుజం మీద ఒకరు పడి బతికిన ఊరు. అక్కడ సాయం అంటే దయ కాదు, ఊపిరి.

పర్సీ పొలంలో పల్లపు చేను ఒకటి, దాని నెత్తిన పొడుగాటి ఇసుక దిబ్బ ఒకటి. దిబ్బ మీద జానెడు ఎర్రమట్టి, దాని కింద రాయిలాంటి సున్నపు పొర. ఎండాకాలం గాలి లేచినప్పుడల్లా దిబ్బ కొంచెం కొంచెం కరిగి పల్లపు చేను మీద పడేది. దిబ్బ పూర్తిగా కదిలిందంటే చేనూ పోతుంది, నీళ్ళ చెరువూ పూడుతుంది, ఇక ఆ ఇల్లు విడిచి పోవడమే.

అయితే కురింగాలో దుక్కి శుభ్రత అంటే దైవభక్తి కంటే ఒక మెట్టు ఎక్కువ. ఏడాది పాటు పంట వెయ్యకుండా, గడ్డిపరక మొలవనివ్వకుండా నేలను దున్ని దంతె తోలి ఉంచితే, కురిసిన నాలుగు చినుకులూ లోపల దాగి మరుసటి ఏటి పంటకు అందుతాయని నమ్మకం. ఏటా దుక్కి పోటీ. ఎక్కడినుంచో ఒక పెద్దమనిషి వచ్చి, పొలం పొలం తిరిగి, మోకాళ్ళ మీద కూర్చుని పరకలు వెతికి మార్కులు వేసేవాడు. గెలిచినవాడికి వెండిపూత కప్పు. కలుపున్న పొలం వాడి కూతురికి నృత్యాల్లో జోడీ దొరకడం కూడా కష్టమే అనేవారు.

వెనక ముక్కలోని మనిషి అన్నీ వదిలేసి పారిపోయాక, అక్కడ దున్నేవాడు లేక కొయ్యకాళ్ళూ పొద చిగుళ్ళూ అలాగే నిలిచిపోయాయి. ఎంత గాలి వీచినా అక్కడి ఇసుక కదలడం లేదని పర్సీ గమనించాడు. రెండేళ్ళుగా తన దిబ్బను దున్నడం మానేశాడు. పాత గోధుమ కొయ్యకాళ్ళు, గరుకు గడ్డి, మాలీ చిగుళ్ళు పెరిగి దిబ్బ మాసిన మొహంలా తయారైంది. ఊరంతా దానికి 'పర్సీ గడ్డం' అని పేరు పెట్టి నవ్వింది. దిబ్బ మాత్రం రెండు ఎండాకాలాలు కదల్లేదు.

ఎందుకు వదిలేశావురా అని అడిగినవాళ్ళకు కారణం చెబితే అతని సొమ్మేం పోయేది? చెప్పడు. "నా దిబ్బ, నా ఇష్టం" అనేవాడు. ట్రెవిన్ల ఇంటి మగవాళ్ళకు మాట నోట్లోనే దాచుకోవడం ఒక జబ్బు. హెట్టీకి ఒక్కదానికే చెప్పాడు.

చలికాలం చివర్లో బండికి కట్టబోతున్న గుర్రం తన్ని పర్సీ తుంటి ఎముక విరిగింది. పక్క పొలం హెర్బ్ లాకియర్ తన లారీలో పరుపు వేసి, నది ఒడ్డు పట్నంలో ఉన్న పెద్దాస్పత్రికి తీసుకెళ్ళడానికి వచ్చాడు. లారీలోకి ఎక్కిస్తుంటే పర్సీ మొహం సున్నంలా పాలిపోయింది. అయినా హెట్టీ మణికట్టు పట్టుకుని వదల్లేదు.

"దిబ్బ జోలికి ఎవర్నీ పోనివ్వకు."

"సరేలే, ముందు నువ్వు పడుకో."

"మాటివ్వు."

"ఇచ్చాను. పోనివ్వను. చాలా?"

ఆ తర్వాత హెర్బ్ భార్య డల్సీ పొద్దున్నా సాయంత్రం నడిచి వచ్చి హెట్టీ ఆవుల్ని పితికి పోయేది. చలికి పగిలిన ఆమె చేతులు ఎర్రగా కందిపోయి ఉండేవి. వద్దంటే వినేది కాదు. వద్దనడానికి హెట్టీకీ నోరు రాలేదు.

ఒక శనివారం పొద్దున గేటు దగ్గర పెద్ద గోల. హెట్టీ బయటికొచ్చి చూసేసరికి దారి పొడుగునా ఎనిమిదేసి గుర్రాల జట్లు, రెండు ట్రాక్టర్లు, నాగళ్ళు, వాటి వెనక కేకులూ మాంసం ముక్కలూ పట్టుకున్న ఆడవాళ్ళు.

"ఇంకా తెల్లారలేదా తల్లీ?" అని హెర్బ్ కేకేశాడు.

"ఏంటి హెర్బ్ ఇది? ఇంతమందా?"

"వెనక దుమ్ము చూడు, ఇంకా వస్తున్నారు. మీ ఆయన ఆస్పత్రిలో కాళ్ళు బారజాపి నర్సులతో సరసాలాడుతుంటే పొలం దున్నేదెవరు? మేమేగా వెధవలం!"

హెట్టీ నవ్వింది, ఏడ్చింది, రెండూ ఒకేసారి. వాళ్ళంతా తమ పొలాల పని ఆపుకుని వచ్చినవాళ్ళు. పల్లపు చేను దున్నడానికే ఆ రోజంతా పడుతుందని ఆమె లెక్క వేసుకుంది. దిబ్బ దాకా పోరులే అనుకుని మనసు కుదుటపరచుకుంది. అక్కడే దెబ్బతింది. అంతమంది కలిసి పడితే పల్లపు చేను మధ్యాహ్నం భోజనాలకే అయిపోయింది.

హెర్బ్ మూతి తుడుచుకుంటూ పైకి చూశాడు. "ఇంక దిబ్బ."

హెట్టీ చేతిలో పళ్ళెం కింద పెట్టింది. "దిబ్బ వద్దులే హెర్బ్. అందరూ అలిసిపోయారు."

"అలుపా? ఎవడ్రా అలిసింది ఇక్కడ?" అని అతను అరిస్తే మగవాళ్ళంతా గుర్రాల్లా సకిలించారు.

"అది కాదు, పర్సీ దాన్ని కావాలనే..."

"తెలుసమ్మా, నాకు చెప్పాలా వాడి సంగతి? ఒంటిచేత్తో కావడం లేదని ఒప్పుకోవడానికి నామోషీ. అందుకే నా ఇష్టం, నా ఇష్టం అని బింకాలు పోతాడు. వాడొచ్చేసరికి దిబ్బ అద్దంలా ఉండాలి. పదండ్రా, పర్సీ గడ్డం గీద్దాం!"

అందరూ ఘొల్లుమన్నారు. హెట్టీ నోరు తెరిచింది. 'ఆగండి, అది వదిలేసింది బద్ధకంతో కాదు, ఆయనకు మాటిచ్చాను' అన్నంత సేపు పట్టే మాటే. ఆ మాట అంటే ఏమవుతుందో కూడా తెలుసు. నవ్వులు ఆగిపోతాయి. నాగళ్ళు బళ్ళకెక్కుతాయి. అందరూ మర్యాదగా టోపీలు సర్దుకుని వెళ్ళిపోతారు. ట్రెవిన్లకు మన దున్నకం నచ్చదట అన్న మాట రైలు స్టేషన్ దాకా పాకుతుంది. రేపు డల్సీ పాలు పితకడానికి వస్తుందా? వస్తుంది. ఒక్క మాట కూడా మాట్లాడకుండా పితికి పోతుంది.

డల్సీ ఆ కందిన చెయ్యి ఆమె భుజం మీద వేసింది. "నువ్వు లోపలికి రా హెట్టీ, ఎండలో నిలబడి ఏం చేస్తావు? నీళ్ళు మరుగుతున్నాయి. టీ పొడి ఎక్కడ పెట్టావు?"

హెట్టీ లోపలికి వెళ్ళింది. టీ పొడి డబ్బా తీసింది. మాలీ చిగుళ్ళు వేళ్ళతో సహా తెగుతున్న చప్పుడు వంటింట్లోకి వినబడుతూనే ఉంది. ఆమె కప్పులు కడుగుతూ ఉండిపోయింది.

పర్సీని స్టేషన్ నుంచి తీసుకొచ్చింది కూడా హెర్బే. ఆ గౌరవం ఇంకొకరికి ఇస్తాడా? దిబ్బ పక్కకొచ్చేసరికి లారీ ఆపాడు. దిబ్బ ఎర్రగా, పరక లేకుండా, దంతెలు దువ్విన గీతలతో ఎండలో మెరుస్తోంది.

"ఎలా ఉందిరా? చెప్పు, ఎలా ఉంది?"

పర్సీ చాలాసేపు చూశాడు. "నున్నగా ఉంది," అన్నాడు.

"వాడికి గొంతు పూడుకుపోయిందిరా, మాట రాలేదు!" అని హెర్బ్ ఆ సంగతి నెలంతా ఊళ్ళో చెప్పుకుని మురిసిపోయాడు.

ఇంటికొచ్చాక పర్సీ అడుగుతాడని హెట్టీ ఎదురుగా కూర్చుంది. చెప్పాల్సిన జవాబులు మూడు నాలుగు రకాలుగా కూడబలుక్కుంది. అతను టీ తాగాడు. కోళ్ళు గుడ్లు పెడుతున్నాయా అని అడిగాడు. తిడితే ఆమెకు ప్రాణం నిలిచేది. ఆ మనిషి తిట్టడు కూడా.

మర్నాటి నుంచి ఇద్దరూ గాలి కోసం కాచుకున్నారు. వాన వస్తే దిబ్బ మీద ఏదో ఒకటి మొలిచి మట్టిని పట్టుకుంటుంది. వాన రాలేదు. పర్సీ ఊతకర్ర మీద కుంటుతూ, గడ్డివాములో మిగిలిన గడ్డి బండికెత్తించి దిబ్బ మీద పరిచాడు. హెట్టీ పొదల కొమ్మలు ఈడ్చుకొచ్చి అడ్డం వేసింది. అంత దిబ్బకు అది ఏ మూలకు? ఏనుగు నోట్లో అరటిపండు. దారిన పోతున్న హెర్బ్ చూసి, "ఏరా, మేం ఊడ్చింది మళ్ళీ చెత్త చేస్తున్నావా? పోటీవాళ్ళొస్తున్నారు, తీసెయ్!" అని నవ్వుతూ కేకేశాడు. పోటీ పెద్దమనిషి వచ్చినప్పుడు హెర్బే ముందు నడిచి దిబ్బ చూపించాడు. గడ్డి పరిచిన ఆ మూలకు మాత్రం తీసుకెళ్ళలేదు.

అక్కడ ఎండలు ముదిరే నవంబరులో ఉత్తరం నుంచి వచ్చింది గాలి. ముందు ఆకాశం అంచున ఎర్రటి గోడ లేచింది. కాసేపటికి ఇంట్లో దీపం వెలిగించాల్సి వచ్చింది. మధ్యాహ్నమే రాత్రి అనుకుని కోళ్ళు గూటికెక్కాయి. హెట్టీ దుప్పట్లు తడిపి కిటికీలకు కట్టింది. అవి ఎర్రబురదై జారిపోయాయి. ఊపిరి పీలిస్తే పళ్ళ మధ్య కరకరలాడేది దిబ్బే అని ఇద్దరికీ తెలుసు. పర్సీ కుర్చీలో కూర్చుని తలుపు వైపే చూస్తూ ఉండిపోయాడు. ఇంట్లో మనిషి పోతుంటే మంచం పక్కన కూర్చున్నట్టే కూర్చున్నాడు.

గాలి తగ్గాక ఇద్దరూ వెళ్ళి చూశారు. మట్టి లేదు. తెల్లటి సున్నపు పొర బయటపడి, దాని మీద నాగలి కర్రు గీసిన గీతలు కూడా కనబడుతున్నాయి. పర్సీ నడుస్తుంటే బూట్లు గచ్చు మీద నడిచినట్టు టకటకా మోగాయి. పల్లపు చేను ఇసుక కింద ఉంది. చెరువు ఇసుక కింద ఉంది. కంచె ఎక్కడుందో ఒకటి రెండు గుంజల కొనలు చూసి పోల్చుకోవాల్సి వచ్చింది. హెట్టీ అక్కడే చతికిలబడి గట్టిగా ఏడ్చింది. పర్సీ ఆమెను లేవదీశాడు. సముద్రం అవతలి దేశంలో ఈ దుమ్ము పడి కొండల మీది మంచు ఎర్రబడిందని తర్వాత పేపర్లో రాశారు. అందులో వాళ్ళ దిబ్బ ఎంతుందో ఎవరు చెప్పగలరు?

డిసెంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం ఊరి హాల్లో టీ విందు. ఊరందరి పొలాలూ ఎంతో కొంత లేచిపోయాయి కాబట్టి ఎవరూ ఎవర్నీ ఓదార్చలేదు. గాలి దేవుడి పని, దుక్కి మనిషి పని. హెర్బ్ వేదికెక్కి గొంతు సవరించుకున్నాడు.

"ఈ ఏడు మన జిల్లా దుక్కి పోటీలో మొదటి బహుమతి ఎవరికొచ్చిందో చెబితే మీరు నమ్మరు. ఎవడి పొలాన్ని చూసి మనం ఇన్నాళ్ళూ నవ్వామో వాడికే! పర్సీ ట్రెవిన్ దిబ్బకు!"

హాలు దద్దరిల్లింది. బల్లలు చరిచారు, ఈలలు వేశారు. డల్సీ కళ్ళొత్తుకుంది. నిజంగా సంతోషంతోనే ఒత్తుకుంది, పాపం. ఎవరి మొహంలోనూ వెటకారం లేదు. హెట్టీ ఒక్కొక్కరి మొహం వెతికి చూసింది. ఒక్కరైనా దుర్మార్గులు దొరికితే బాగుండు, కసిదీరా తిట్టుకునేది. దొరకలేదు.

"ఇంకో మాట," అన్నాడు హెర్బ్. "దిబ్బ పోయిందని దిగులు పడకురా పర్సీ. పోతే పోయింది, కప్పు వచ్చిందిగా! వచ్చే శనివారం అందరం మళ్ళీ వస్తాం. పల్లంలో మేటేసిన ఇసుకంతా దున్ని పారేద్దాం. ఏమంటావ్?"

పర్సీ కర్ర ఊతంతో వేదిక ఎక్కాడు. కప్పు తీసుకున్నాడు. హెట్టీ చేతులు రెండూ ఒళ్ళో నలుపుకుంది. 'ఇప్పుడైనా చెప్పు, ఈ ఒక్కసారికి నోరు తెరువు' అని లోపల మొక్కుకుంది. అతను కప్పుకేసి చూశాడు, హెర్బ్‌కేసి చూశాడు, కింద కూర్చున్న ఆ ఎండిన మొహాలన్నిటికేసీ చూశాడు.

"మీరంతా... చాలా చేశారు," అన్నాడు. "థాంక్స్."

చప్పట్లు మోగిపోయాయి.

పొద్దు వాలుతుండగా గుర్రబ్బండిలో ఇంటికి బయల్దేరారు. కప్పు హెట్టీ ఒళ్ళో ఉంది. దిబ్బ మొదలయ్యే చోటికొచ్చాక పర్సీ కళ్ళెం వదులు చేశాడు.

"హెట్టీ, ఒకటి అడగనా?"

"అడుగు."

"ఆ రోజు వాళ్ళకి ఎందుకు వద్దో చెప్పావా?"

చెప్పాను, వాళ్ళు వినలేదు అనొచ్చు. పర్సీ వెళ్ళి హెర్బ్‌ని అడగడు. ఆ అబద్ధం ఆమె కూడబలుక్కున్నవాటిలో ఒకటే, నాలిక చివరే ఉంది.

"లేదు," అంది. "టీ పెట్టాను."

పర్సీ తలాడించాడు. బండి సున్నపు రాతి మీద గడగడలాడుతూ పోయింది. చాలా దూరం పోయాక, ఇల్లు కనబడుతుండగా, అతను మళ్ళీ నోరు విప్పాడు.

"శనివారం వస్తారట."

"ఊఁ."

"ఇంట్లో టీ పొడి ఉందా?"

హెట్టీ ఒళ్ళో కప్పు సర్దుకుంది.

"ఉంది," అంది.