కుళాయి టేపు

"గిటారు దుమ్ము పట్టకుండా తుడుస్తున్నావా?" ప్రతి శుక్రవారం మస్కట్ నించి ఫోన్లో ఈయన మొదటి మాట ఇదే. నేనెలా ఉన్నాననేది లైను బాగుంటే అడుగుతారు.

"ఆయ్, తుడుస్తున్నానండీ" అంటాను. అబద్ధమేం కాదు.

మూడేళ్ళ కిందట సెలవకొచ్చినప్పుడు తెచ్చేరు ఆ ఎర్ర ఎలక్ట్రిక్ గిటారు. మలికిపురం స్నేహితుల ముందు మెళ్ళో వేసుకుని నాలుగు తీగలు లాగేరు, అంతే విద్య. వెళ్తూ వెళ్తూ "ముట్టుకోకే, పాడైపోద్ది. నీ చేతికి గరిటే అందం" అన్నారు. ఆయుధపూజనాడు దానికి బొట్టు పెట్టడానికి మాత్రం ఆ చెయ్యే పనికొచ్చింది. కుంకం పెడుతుంటే వేలు తగిలి తీగ మోగింది. నా ఒళ్ళు ఝల్లుమంది.

స్పీకరు పెట్టెకి వైరు తగిలించకపోతే దాని చప్పుడు ఒళ్ళో పెట్టుకున్నవాళ్ళకే వినపడుతుంది. నాకంతకంటే ఏం కావాలి! మధ్యాహ్నం అంట్లు తోమి, అత్తగారు కునుకు తీసేక, దాంతో వచ్చిన పుస్తకం ముందేసుకుని నేర్చుకున్నాను. తీగల చివర మర తిప్పి బిగించిన ఇనప కడ్డీ ఒకటుంటుంది. నొక్కితే స్వరం వణుకుతుంది, ఏడుపు ఆపుకున్న గొంతులాగ. నాకదంటే పిచ్చి. నొక్కీ నొక్కీ మర అరిగి, కడ్డీ లొడలొడా ఊగడం మొదలెట్టింది. ఇంకో పదిరోజుల్లో ఈయనొస్తున్నారు.

చూస్తే ఇట్టే తెలిసిపోద్ది. నలుగురిలో నవ్వుతారు, తర్వాత బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఆ మధ్యాహ్నపు గంట కూడా పోతే ఈ ఇంట్లో నాకంటూ ఏం మిగుల్తుంది? రెండ్రోజులు అన్నం సయించలేదు.

మూడోనాడు వంటింటి కుళాయి కట్టేస్తూ ఆగిపోయేను. ఆర్నెల్లు కారిన కుళాయి అది. మరకి తెల్ల టేపు చుట్టి బిగించింది నేను. "దగ్గరుండి చేయించేను" అని గిటారు తెచ్చిన సెలవలో చుట్టాలకి చెప్పుకున్నది ఈయన. నా మతి మండా! అదీ మరే, ఇదీ మరే! మిగిలిన టేపు ముక్క కడ్డీకి రెండు చుట్లు చుట్టి తిప్పేను. బిగిసింది. వదిలిన చోటే నిలబడింది. నొక్కితే వణికింది. హమ్మయ్య! నేలమీద చతికిలబడి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

శుక్రవారం ఫోను మోగింది. "గిటారెవరూ ముట్టుకోలేదు కదా?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఇంక భయమెందుకు? పాడుచేసిందీ నేనే, బాగుచేసిందీ నేనే.

"నేను వాయిస్తున్నానండీ, మూడేళ్ళనించీ. కడ్డీ లూజైతే నేనే బిగించేను."

పక్కన వత్తులు చేసుకుంటున్న అత్తగారు చెయ్యాపి నాకేసి చూసేరు.

"ఏవండీ, ఉన్నారా?"

"ఆఁ... నీకు వాయించడం వచ్చా?"

"ఆయ్. రండి, మీకూ నేర్పుతాను."