ఒక్క కంప్యూటర్‌కే రాని నెట్

మటోకే అరటికాయలు చెక్కుతూనే నబ్బోసా ఓ కంట కంప్యూటర్‌ని కనిపెడుతోంది. చెప్పాపెట్టకుండా వైఫై మళ్లీ పోయింది. ఇంకాసేపట్లో ఇంటర్వ్యూ. కంపాలాలో ఈ ఇంట్లో కూర్చునే నైరోబీ కంపెనీకి లెక్కలు చూసే ఉద్యోగం. పెళ్లయ్యాక మాన్పించిన పని మళ్లీ చేతికందే దారి ఇదొక్కటే.

చేతులు తుడుచుకుని కంప్యూటర్ ఆపి మళ్లీ వేసింది. వైఫై పేరు తీసేసి, పాస్‌వర్డ్ మళ్లీ కొట్టింది. ఊహూ. ఫోన్లో మాత్రం నెట్ నిక్షేపంలా ఉంది. పక్కగదిలో అత్తగారి టీవీలో పాస్టరుగారి ప్రసంగం నెట్ మీదే ఆగకుండా సాగుతోంది. అందరికీ వచ్చే నెట్ తన కంప్యూటర్‌కే రాదేం? పోయినసారి ఇంటర్వ్యూ రోజు కూడా ఇంతే. "నువ్వే ఏదో నొక్కేసుంటావ్. ఇంట్లో నీకేం తక్కువని ఈ ఉద్యోగాలు?" అన్నాడు మొగుడు కిగ్గుండు. ఆ సాయంత్రం అక్కడి భార్యల ఆనవాయితీగా మోకాళ్ల మీద కూర్చుని పళ్లెం అందిస్తూ "కాస్త చూద్దురూ" అని బతిమాలితే, తన ఫోన్ అటు తిప్పుకుని ఏదో నొక్కాడు. నెట్ వచ్చేసింది. కంప్యూటర్ బాగుచేసిన మనిషి కంప్యూటర్‌ని ముట్టుకోనే లేదేం? ఛీ, కట్టుకున్నవాణ్ణి అనుమానిస్తానా అని అప్పుడు లెంపలేసుకుంది. ఇప్పుడు వేసుకోబుద్ధి కాలేదు.

నెట్ కంపెనీకి ఫోన్ చేసింది.

"లైను బాగానే ఉందక్కా," అంది అక్కడి అమ్మాయి. "మీ రౌటర్‌లో ఆ ఒక్క కంప్యూటర్‌నే ఎవరో ఫోన్లోంచి ఆపిపెట్టారు. ఎక్కడున్నా ఆపొచ్చు. రౌటర్ పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?"

"మా ఆయనకి."

ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "రౌటర్ వెనక చిన్న రంధ్రం ఉంటుంది. పిన్నుతో నొక్కిపట్టుకోండి, పాతవన్నీ పోతాయి. కొత్త పాస్‌వర్డ్ మీరే పెట్టుకోండి."

నబ్బోసాకి ఒళ్లు మండింది. దాంతోపాటే భయమూ వేసింది. రౌటర్ మీద అత్తగారు కప్పిన లేసుగుడ్డ తీసి, చెవిపోగు ఊడదీసి రంధ్రంలో గుచ్చింది. పక్కగదిలో ప్రసంగం ఆగిపోయింది.

"ఏం చేశావే కోడలా?"

"బాగుచేస్తున్నా అత్తయ్యా."

కొత్త పాస్‌వర్డ్ పెట్టింది. కంప్యూటర్‌లో నెట్ వచ్చింది. అంతలో కిగ్గుండు ఆఫీసు నుంచి ఫోన్ చేశాడు.

"ఇంట్లో నెట్ గానీ పోయిందా ఏంటి?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడట. "అక్కడున్న మీకెవరు చెప్పారు?" అంది. ఫోన్ పెట్టేసి కంప్యూటర్ ముందు కూర్చుంది.

తెర మీద ముగ్గురు కనిపించారు. అందులో పెద్దావిడ నవ్వుతూ అడిగింది, "ఇంటినుంచి పని కదమ్మా, మీ ఇంట్లో నెట్ నమ్మకంగా ఉంటుందా?"

"ఇవాళ్టినుంచి ఉంటుందండీ," అంది నబ్బోసా.