ఉడికిన రాయి

ఉలి కింద రాయి చప్పుడు మారింది. జివానై సుత్తి ఆపి, రాలిన పెచ్చు అంచును బొటనవేలితో తడిమాడు. గరుగ్గా ఉంది. కాస్త పొడి నాలుక మీద వేసుకుని నమిలాడు. కరకరమంది.

“కొంప ముంచావు కదే!” అన్నాడు రాయితో.

ఎండలు ముదిరినప్పటి నుంచీ చెక్కుతున్న సన్నికల్లు అది. ఆ సాయంత్రమే కూతురు నెత్సాయి దాన్ని అత్తారింటికి తీసుకెళ్ళాలి. అక్కడి ఆడవాళ్ళు కొత్తకోడలు తన రాతి మీద నూరిన రాగిపిండితో సద్జా సంకటి వండి, మాటామంతీ లేకుండా తొలి ముద్ద నములుతారు. పంటికి ఇసుక తగిలిందో, “ఏరును వెంటబెట్టుకొచ్చింది మహాతల్లి” అని చచ్చేదాకా దెప్పుతారు.

చిమానిమాని కొండలో రెండు రకాల రాళ్ళకూ ఇసుకే తల్లి. ఏరు తెచ్చిన ఇసుక పొరలు పొరలుగా పడి, పైబరువుకు అణిగితే పేరుకున్న రాయి. పగలగొడితే పగులు రేణువుల పక్కనుంచి పోతుంది, రేణువులు ఊడి పిండిలో కలుస్తాయి. అదే రాయి ఇంకా లోతుకు దిగబడి, కొండ బరువుకూ భూమి కాకకూ మగ్గితే రేణువులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అది ఉడికిన రాయి. పగులు రేణువులను కోసుకుంటూ పోతుంది, ఏదీ ఊడిరాదు. అది దొరికేది శిఖరం దగ్గరే. ఏళ్ళ తరబడి పీల్చిన రాతిపొడి జివానై రొమ్ములో పేరుకుపోయింది. ఈ ఏడు కొండ ఎక్కలేక, ఏటి ఒడ్డున తెల్లబండ కనబడితే పైనుంచి దొర్లిందేలే అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

చెల్లెలు ముచనేత సంగతి విని చెయ్యి విదిలించింది. “ఇచ్చి పంపెయ్యి అన్నయ్యా. ఇసుక ఎక్కడైనా ఇసుకే.”

“మీ అత్తగారు అలాగే అనుకుందా?”

ముచనేత మూతి ముడుచుకుంది. మెట్టినూళ్ళో ఇప్పటికీ ఆమె పేరు ఇసకమ్మే.

జివానై ఇంటి వెనక్కి నడిచాడు. గోడవార భార్య సెకాయి సన్నికల్లు, ఒకప్పుడు శిఖరం నుంచి తెచ్చి చెక్కిన ఉడికిన రాయి, ఆమె పోయిన రోజున బోర్లించినట్టే ఉంది. అలా బోర్లించిన రాయిని ఎవరూ తిరగెయ్యరు.

“అమ్మో! పోయినదాన్ని లేపుతావా?” అంది వెనకే వచ్చిన ముచనేత.

“సొంత కూతురికిస్తే కోప్పడుతుందటే? దాని సంగతి నాకు తెలీదూ?”

రాయి తిరగేశాడు. సెకాయి అరచేతులు అరగదీసిన గుంట నున్నగా మెరిసింది. కూర్చుని, అరిగిన రాయి మళ్ళీ గింజను పట్టేలా ఉలితో కక్కు కొట్టడం మొదలుపెట్టాడు. తెల్లటి పొడి కనురెప్పల మీద పేరుకుంది. నెత్సాయి వచ్చి మూతికి గుడ్డ కట్టింది. ఊపిరాడక లాగేశాడు.

“చాలు నాన్నా. వాళ్ళు దెప్పితే పడతాను.”

“నోర్ముయ్. రాగులు తే.”

ఆమె గుప్పెడు నూరింది. ఆయన నమిలాడు. చప్పుడే లేదు. మళ్ళీ నమిలి, పిల్లాడిలా పగలబడి నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి పోయి ఎంతకీ ఆగలేదు.

పొద్దు వాలుతుండగా ముచనేత రాయిని నెత్తికెత్తుకుంది. నెత్సాయి తండ్రి ఎదుట మోకరిల్లి, సెలవడుగుతూ దోసిళ్ళు మెల్లగా చరిచింది.

“వాళ్ళు నమిలేటప్పుడు తలెత్తుకుని కూర్చో,” అన్నాడు జివానై.

మర్నాడు ముచనేత వాకిట్లోంచే అరుస్తూ వచ్చింది. “అన్నయ్యా! ముసల్ది మారు వడ్డించమందయ్యా!”

ఆయన గోడకు చేరబడి ఉన్నాడు. ఒళ్ళో సుత్తి ఉంది. పలకలేదు.

మగవాడు పోతే బోర్లించే రాయంటూ ఉండదు. పాతిపెట్టి వచ్చాక నెత్సాయి వాకిట్లో నాన్న చెక్కిన ఏటి రాయి దగ్గరికి వెళ్ళి, వంగి దాని అంచు పట్టుకుంది. ఎవరూ ఆమెను వారించలేదు. ఆమె మళ్ళీ అత్తారింటికి వెళ్ళిపోయాక, గుమ్మం పక్కన ఆ ఏటి రాయి బోర్లా ఉంది, చుట్టూ అది రాల్చిన ఇసుక ఇంకా తెల్లగానే ఉంది.