మాస్టారి కుడికాలు

బాబాయి కాలికి ఏ రోగమూ లేదని, పని ఎగ్గొట్టడానికే మంచం పట్టాడని పక్కింటావిడ వీధి చివర ఇస్త్రీ అతనితో అందట. అతను ఆ మాట మోసుకొచ్చి మా అమ్మ చెవిన వేశాడు.

"కిటికీలోంచి చూసిందటండీ. ఆ కాలితోనే దుప్పటిని ఒక్క తన్ను తన్ని అవతల పారేశాడట. పక్షవాతం కాలు అంత దూరం తంతుందా అంటోంది."

"దానికి వేరే పనేం లేదా, మా కిటికీకి కళ్లు అతికించుకుని కూర్చుంది!" అని అమ్మ కసిరింది గానీ, లోలోపల మా అందరి ఆశా అదే. బాబాయి దర్జీ. కుట్టుమిషను తొక్కాలంటే ఆ కుడికాలే ముందుండాలి. ఊరంతా మాస్టారని పిలిచేది ఆ కాలి చలవే.

బాబాయి కుట్టుకొట్టు తలుచుకుంటే ఇప్పటికీ నా ముక్కుకి కొత్తబట్ట వాసన, మిషన్ నూనె వాసన కలిసి తగులుతాయి. ఇద్దరు నిలబడితే మూడోవాడు వీధిలో ఉండాల్సిందే. గుమ్మం పక్కన పిన్ని కాజాలు కుడుతూ ఉండేది. ఎవరైనా బట్ట తెచ్చి, "ఇందులో చొక్కా, లాగూ రెండూ వచ్చేస్తాయిగా మాస్టారూ?" అంటే పిన్ని తల ఎత్తేది కాదు. బట్ట సరిపోతే ఒక దగ్గు, చాలకపోతే రెండు. బాబాయి టేపు ముట్టకుండానే తీర్పు చెప్పేవాడు. వచ్చినవాళ్లు నోరు వెళ్లబెట్టేవాళ్లు. పిన్ని దగ్గుకి మందెందుకు వాడదా అని చిన్నప్పుడు నాకు బెంగగా ఉండేది.

పక్షవాతం వచ్చాక కొట్టుకి తాళం పడింది. ఉంచుతారా, ఖాళీ చేస్తారా అని కొట్టు యజమాని నాన్నని అడుగుతున్నాడు. ఫిజియోథెరపీ ఆవిడ కాలు చూసి చెప్పాక తేల్చుకుందామని అందరం కలిసి వెళ్లాం.

ఆవిడ మొదట కాలు ముట్టుకోలేదు. గుమ్మంలోంచి కుర్చీదాకా బాబాయి నడిచి వస్తుంటే ఊరికే చూసింది. చొక్కా విప్పమంటే పిన్ని చేయి అలవాటుగా గుండీల మీదికి పోయింది.

"అమ్మా, మీ చేతులు కాసేపు మీ ఒళ్లో పెట్టుకోండి" అంది ఆవిడ.

తర్వాత మోకాలు పైకెత్తమని, తను కిందికి నొక్కుతుంటే లొంగొద్దని చెప్పింది. బాబాయి లొంగలేదు. రెండు చేతులూ వేసినా లొంగలేదు. నాన్న నాకేసి చూసి కళ్లెగరేశాడు.

"ఇప్పుడు కళ్లు మూసుకోండి మాస్టారూ. మీ బొటనవేలు కదుపుతాను. పైకో, కిందికో చెప్పండి."

వేలిని అటూ ఇటూ పక్కల పట్టుకుని మెల్లగా కదిపింది.

"పైకి" అన్నాడు బాబాయి. మళ్లీ కదిపింది. "కిందికి." ఒక్కటీ తప్పు పోలేదు. ప్రతి జవాబుకీ ముందు పిన్నికి మాత్రం దగ్గు వస్తోంది, ఓసారి ఒకటి, ఓసారి రెండు.

ఆవిడ ఆగింది. పిన్నిని బయటికి వెళ్లమని కళ్లతోనే సైగ చేసింది. పిన్ని ముఖం మాడ్చుకుని వెళ్లింది. ఆవిడ మళ్లీ వేలు పట్టుకుని ఎంత వంగుతుందో అంత పైకి వంచింది. బాబాయి కళ్లు మూసుకుని ఎదురుచూస్తున్నాడు.

"కదిపారా అమ్మా?"

"కదిపాను."

బాబాయి పిన్ని కూర్చున్న వైపు తల తిప్పి, గొంతు తగ్గించి, "ఏమే... ఉన్నావా అక్కడ?" అన్నాడు.

నవ్వొచ్చింది నాకు. సగంలోనే ఆగిపోయింది.

ఆవిడ పిన్నిని లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. "కాలికి బలముంది మాస్టారూ. ఎక్కడుందో మాత్రం అది మీకు చెప్పడం లేదు, అంతే. అందుకే నడిచేటప్పుడు మీ చూపంతా పాదం మీదే ఉంది. మిషను ముందు కూర్చుంటే సూదిని చూస్తారా, కాలిని చూస్తారా?"

బాబాయి వంగి తన పాదం కేసి చూసుకున్నాడు.

"నేర్పుదాం. చాలాకాలం పట్టొచ్చు. ఎంత తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేను. మీరిద్దరూ కూడబలుక్కుని నన్ను బోల్తా కొట్టిస్తే, ఉన్న జబ్బు వదిలేసి ఇంకేదానికో వైద్యం చేస్తాను."

పిన్ని కొంగుతో ముక్కు తుడుచుకుంది. నాన్న లేచి తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు.

"పోనీలేరా, చేసినన్నాళ్లు చేశావు. కొట్టు వదిలేద్దాం. ఇంట్లో హాయిగా కూర్చో."

బాబాయి చొక్కా గుండీ పెట్టుకోవడం ఆపి, నాన్న ముఖంలోకి చూశాడు.

"హాయిగా కూర్చోవడం నీకొచ్చు అన్నయ్యా, నువ్వు కూర్చో. నాకు చేతకాదు."